ముడి వేయకుండా ఉంచిన కుట్టు

మా చెల్లి కన్ను ఆసుపత్రివాళ్ళే పాడుచేశారని అరకు సంతలో చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. జరిగింది ఇది.

దానికి చిన్నప్పటి నుంచి మెల్లకన్ను. కుడికన్ను ముక్కు వైపు లాగేసి ఉండేది. ఎవరితో మాట్లాడినా చెయ్యి అడ్డం పెట్టుకునేది. ముప్పై దాటాక ఆపరేషన్ చేయించుకుంటానంటే విశాఖపట్నం తీసుకెళ్ళాను. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది.

"కన్నును లాగే కండరాన్ని విడదీసి కొత్త చోట కుట్టాం. ఆ కుట్టు ఇంకా గట్టిగా ముడేయలేదు, జారుముడి మీద ఉంచాం. మత్తు దిగాక, రేపు పొద్దున కూర్చోబెట్టి చూపు చూస్తాం. దాన్నిబట్టి దారం బిగించో, వదులు చేసో అప్పుడు ముడేస్తాం. ఆలస్యమైతే కండరం కంటికి అతుక్కుపోతుంది. ఇక దారం లాగినా కదలదు."

నాకు అనుమానం అక్కడే మొదలైంది. కొండవాళ్ళ దగ్గర కాఫీ గింజలు, మిరియాలు కొనే వ్యాపారిని నేను. ఒకసారి కాటా వేశాక 'మళ్ళీ చూద్దాం' అనేవాడు తూకం తగ్గించడానికే అంటాడు. అందుకే కొండ ఆడవాళ్ళు మొదటి తూకం కాగానే మూట దించి దానిమీద కూర్చుండిపోతారు. "సావుకారూ, ఒకపాలి సూసినావు, సాల్లే" అంటారు. నాలాంటివాళ్ళను చూసే వాళ్ళు అలా కూర్చోవడం నేర్చుకున్నారు. రెండోసారి చెయ్యి వేసేవాడి బుద్ధి నాకు తెలుసనుకున్నాను.

వార్డులో అందరినీ కనిపెడుతూ కూర్చున్నాను. కుర్ర డాక్టర్లు తలుపు దగ్గర నవ్వుకుంటే, మా చెల్లి కన్ను మీద పని నేర్చుకోబోతున్నారనిపించింది. నర్సు వచ్చి "పొద్దున్నే సిద్ధంగా ఉండండి, ఎక్కడికీ వెళ్ళకండి" అంటే, ఈమెకెందుకంత ఆత్రం అనిపించింది. తప్పుగా కోసేసి, సర్దుకోడానికి గడువు పెట్టుకున్నారని తేల్చేసుకున్నాను.

తెల్లవారగానే చెల్లిని లేపాను. "బేగి సెప్పులేసుకో. రైలుకి ఎల్లిపోదుం."

"ఏటన్నయ్యా? కుట్టు సూత్తామన్నారు కదా!"

"కుట్టేసీసారు, మరేటి సూత్తారు? ఆళ్ళింట్లోవాళ్ళ కన్నయితే ఇలాగే సగంలో ఒదిలేత్తారేటి?"

"డాక్టరమ్మకి సెప్పి ఎల్దాం."

"సెప్తే ఒదల్తారేటే, పిచ్చి గుంటా!"

టీకి వెళ్తున్నట్టు నడిచి వెళ్ళి రైలెక్కాం.

ఇంట్లో కట్టు తీస్తే కన్ను ఈసారి బయటివైపు తిరిగి ఉంది. వాపు తగ్గితే సర్దుకుంటుందన్నాను. సర్దుకోలేదు. అన్నీ రెండుగా కనిపిస్తున్నాయనేది, గ్లాసు అందుకోబోయి పక్కన గాలిలో చెయ్యి పెట్టేది. వారం దాటాక మళ్ళీ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి, "అతుక్కుపోయింది. ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయారు?" అంది.

"ఎల్లిపోవచ్చని నర్సమ్మే సెప్పిందండి" అన్నాను.

నర్సుని పిలిచి మా ముందే చీవాట్లు పెట్టారు. ఆమె నావైపు చూసింది. మా చెల్లి తల దించుకుంది.

కొన్నాళ్ళాగి మళ్ళీ ఆపరేషన్ చేయొచ్చన్నారు. ఆ రోజు దగ్గరపడ్డాక మా చెల్లి ఒక్కటే అంది: "ముందు ఆ నర్సమ్మకి నిజం సెప్పు. సెప్పినాకే మంచమెక్కుతాను. లేపోతే ఇలాగే ఉండిపోతాను."

డాక్టరమ్మ ఎదుటే చెప్పాను. నర్సు నా చేతిలోని చెల్లి కాగితాలు తీసుకుంది. తర్వాత, "ఈసారి మీరు పారిపోకుండా నేనే కాపలా కాస్తాను" అంది. నవ్వలేదు. ఆ మాటలో కూడా ఏదో ఉందేమోనని వెతికాను. అలవాటు పోలేదు.

ఆపరేషన్ మర్నాడు పొద్దున నన్నూ లోపలికి రానిచ్చారు. కంట్లో మందు చుక్కలు వేసి, ఎదురుగా చిన్న దీపం పెట్టారు.

"ఎన్ని కనిపిస్తున్నాయి?"

"రెండండి."

డాక్టరమ్మ దారం కాస్త లాగింది. "ఇప్పుడు?"

"రెండే. దగ్గరికొచ్చినాయి."

మళ్ళీ లాగింది. మా చెల్లి చాలాసేపు చూసి, "ఒకటి" అంది. అప్పుడు ముడేశారు.

ఎదురుగా చూస్తే ఒకటే. పక్కకి చూస్తే ఇంకా రెండు. రెండోసారి కోసిన కండరం ఇంతకంటే మాట వినదని డాక్టరమ్మ చెప్పింది. రోడ్డు దాటేటప్పుడు మా చెల్లి కళ్ళు తిప్పదు, తల మొత్తం తిప్పి చూస్తుంది.