కుడికి తిరగని మెడ

మూడో నెల వచ్చేసరికి నా బిడ్డకు పోయినవి ఇవి: ముఖం కుడికి తిరగాల్సిన దానిలో ముప్పై డిగ్రీలు, తల నిటారులో ఇరవై, ఎప్పుడూ ఒకే పక్కకు పడుకోవడం వల్ల తల వెనుక ఎడమ వైపు గుండ్రనితనం. వీటితో పాటు మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గర నా పని కూడా పోయింది. ఈ డిగ్రీలు నాకెవరూ కొలిచి ఇవ్వలేదు. ఫొటోల మీద గీతలు గీసి, స్కూలు పిల్లల కోణమాని పెట్టి నేనే కొలిచాను.

నీళ్లు పోస్తుంటే మెడ కుడి పక్కన చింతగింజంత ముద్ద చేతికి తగిలింది. భయపడాల్సిన గడ్డ కాదు, బిగిసిన కండరమన్నారు మిర్యాలగూడ డాక్టరు. చెవి వెనుక ఎముక నుంచి ఏటవాలుగా దిగి, రెండు పాయలై, ఒకటి రొమ్ము ఎముకకు, ఒకటి కాలర్ బోన్‌కు అతుక్కునే కండరం ఉంటుంది. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అంటారు. కుడి వైపుది బిగుసుకుంటే తల కుడి భుజం మీదికి వాలుతుంది, గడ్డం మాత్రం ఎడమకు తిరుగుతుంది. అది సాగకపోతే ఏడాది దాటాక కోసి వదులు చేయాల్సి రావచ్చన్నారు. మెల్లగా సాగదీయడం సూర్యాపేటలో ఫిజియోథెరపిస్టు నేర్పింది. పిల్ల తనంతట తాను కుడికి చూసేలా చేయమంది.

పని పోయాక మేం ఉంటున్న కోదాడ ఇంటికి మా అత్తమ్మ, పసిపిల్లలకు నీళ్లు పోసే ఆమెను పిలిపించింది. కాళ్ల మీద బోర్లా వేసి ఒక్కసారి గట్టిగా గుంజితే మెడ చక్కబడుతుందని ఆమె ధీమా. పిల్లను ఇవ్వనన్నాను. ఆ కండరం కిందే మెదడుకు పోయే పెద్ద రక్తనాళం ఉందన్నాను.

"మిల్లుల కాంటా సూసేదానివి, మెడల సంగతి నీకేమెరుక?" అంది అత్తమ్మ.

"కాంటా సూసేదాన్నే అత్తమ్మా. ఎటు మొగ్గిందో నాకు తెలుస్తది."

ఆ రోజే ఇంకొకటి గమనించాను. మా ఇరుకు గదికి ఒకటే తలుపు, పడమటి గోడకు. పిల్లను దక్షిణం తల పెట్టి పడుకోబెట్టేవాళ్లం. తలుపు ఎడమకు వచ్చేది. వెలుగు అటే, పిలుపులు అటే. బిగిసిన కండరానికి హాయైన వైపే మేమంతా పిల్లను తిప్పుతున్నాం. తలుపు కుడికి రావాలంటే ఉత్తరం తల పెట్టాలి. మా ఇంట్లో ఉత్తరానికి తల పెట్టి ఎవరూ పడుకోరు. నేను పెట్టాను.

అత్తమ్మ నాతో మాట్లాడడం మానేసింది. మనవరాలిని పిలవడం మాత్రం మానలేకపోయింది. గడప దాటి లోపలికి రాకుండా, తలుపు దగ్గరే నిలబడి చిటికెలు వేసేది. పిల్ల ఆ చప్పుడు కోసం మెడ తిప్పేది, ప్రతిసారీ కుడికే.

కత్తి అవసరం పడలేదు. ఇప్పుడు నా బిడ్డ తొమ్మిదో తరగతి. అలసినప్పుడు తల కొంచెం వాలుతుంది. వదిలేయమంటారు, ఎవరికీ కనబడదంటారు. నాకు కనబడుతుంది. పొద్దున్నే ఇద్దరం కూర్చుని ఇప్పటికీ సాగదీస్తాం. ఆ కండరం నా బిడ్డకు ఇంకా నాలుగు డిగ్రీలు బాకీ.