అటు మూగోడు, ఇటు వాగుడుకాయ

మన లిఫ్టు మెకానిక్‌కి రెండు ముద్దుపేర్లు. అమ్మవైపువాళ్ళు మూగోడంటారు, నాన్నవైపువాళ్ళు వాగుడుకాయ అంటారు. మనిషి ఒక్కడే, నోరూ ఒక్కటే. చిక్కంతా చుట్టూ ఉన్న చుట్టాలతోనే.

అమ్మది ఒక జాతి, నాన్నది మరో జాతి, భాషలూ వేరు. అమ్మవైపు పదిమంది ఒకచోట చేరితే పదకొండు గొంతులు వినిపిస్తాయి. పదకొండోది గోల తగ్గించమనే పక్కింటాయనది. అదే నాన్నవైపు పదిమంది చేరితే గోడగడియారం వినిపిస్తుంది. పెదనాన్నయితే ఇల్లు మారిన సంగతి కూడా ఏడాది తర్వాత గానీ బయటపెట్టలేదు. ఫొటోల దగ్గర మాత్రం రెండువైపులవాళ్ళదీ ఒకే బుద్ధి: వీణ్ణి చివర నిలబెడతారు. అక్కడ ముక్కు కలవదట, ఇక్కడ జుట్టు కలవదట. ఎవరి ఆల్బమ్ తెరిచినా మనవాడికి ఒక్క చెవే ఉంటుంది.

పగలంతా లిఫ్టులతో కుస్తీపట్టి, చోటు దొరికిన శనివారం సాయంత్రాలు కాఫీ హోటల్ మేడమీది హాల్లో స్టాండప్ కామెడీ చేసేవాడు. హాలు యజమాని మొదటిరోజే తేల్చేశాడు.

"జనానికిప్పుడు జాతులూ యాసలూ కావాలయ్యా. మీవాళ్ళ మీద జోకులెయ్యి."

"ఏ మావాళ్ళు సార్?"

"ఎవరైతే నాకేంటి? నవ్వు రావాలి."

సరే, అమ్మవైపువాళ్ళు వచ్చినరోజు నాన్నవైపు మీద, నాన్నవైపువాళ్ళు వచ్చినరోజు అమ్మవైపు మీద జోకులేస్తూ బండి లాగించాడు. ఇంతలో యజమాని, వచ్చే నెల పెద్ద ప్రదర్శన పెడుతున్నానని, అందులో మెప్పిస్తే ప్రతివారం చోటిస్తానన్నాడు. అమ్మ నోట్లో మాట దాగుతుందా? అటూ ఇటూ అందర్నీ పిలిచేసింది. ఇక ఎవరిమీద జోకెయ్యాలో మనవాడికి పాలుపోలేదు. అయినా లోలోపల ఒకటే ఆశ: జన్మలో ఒక్కసారి వీళ్ళంతా కలిసి నవ్వితే చూడాలని.

కుర్చీల మధ్య దారికి కుడిపక్క అమ్మవైపు, ఎడమపక్క నాన్నవైపు సర్దుకున్నారు. పెదనాన్న మౌనం మీద ఒకటి విసిరితే కుడిపక్క పగలబడి నవ్వింది, ఎడమపక్క గోడగడియారం వినిపించింది. "మా అమ్మమ్మ ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళకి ఫోనక్కర్లేదు" అన్నాడు. ఎడమపక్క భుజాలు కాస్త కదిలాయి. వాళ్ళ లెక్కలో అది అట్టహాసం. కుడిపక్క మూతులు ముడుచుకున్నాయి. వాడు కంగారుగా ఏదేదో వాగి, టక్కున ఆగి, మైకు వంక చూస్తూ నిలబడిపోయాడు.

"అదిగో, బెల్లంకొట్టిన రాయయ్యాడు! అంతా మీ పోలికే!" అమ్మమ్మ ఎడమపక్కకి కేకేసింది.

"అంతకుముందు వాగిందో?" మేనత్త నిదానంగా అంది. "అది మాది కాదమ్మా."

"ఆ ముక్కెవరిదే మరి?"

"ఆ జుట్టెవరిది?"

మిగతా హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. మనవాడికి మాత్రం ఏడుపొచ్చింది.

"మీరు తేల్చుకోండి, నేనాగుతాను" అన్నాడు మైకులో. "లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే లోపలున్నవాళ్ళకి మేం చెప్పేదొకటే. కంగారుపడకండి, ఎవరో ఒకరొచ్చి తీస్తారని. నేను పుట్టినప్పట్నుంచీ కంగారుపడట్లేదు."

హాలు ఘొల్లుమంది. చుట్టాల్లో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. సరిగ్గా అప్పుడే, టైమైపోయింది దిగమని చెప్పే ఎర్రబల్బు వెలిగింది. వాడు మైకు స్టాండుకి తగిలించబోయాడు.

పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"ఆ బల్బాపండి. మావాడింకా మాట్లాడుతున్నాడు."

పెదనాన్న గొంతు ఎలా ఉంటుందో అమ్మవైపువాళ్ళకి అప్పుడే తెలిసింది. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి వాళ్ళంతా నోళ్ళు మూశారు. ముందుగా తేరుకుంది అమ్మమ్మే.

"మీవాడేంటి? వాడు మావాడు!"

ఎవరు మొదలుపెట్టారో గానీ నవ్వు దారికి రెండుపక్కలా అంటుకుంది. పెదనాన్నకి పళ్ళున్నాయని కూడా ఆరోజే తెలిసింది. ఎర్రబల్బు ఆరిపోయింది.

ప్రదర్శన అయ్యాక యజమాని, "నీకు ప్రతివారం చోటిస్తా, ఈ చుట్టాల్ని కూడా తెస్తేనే" అని, అందర్నీ ఫొటోకి నిలబెట్టాడు. అమ్మవైపువాళ్ళు ఒక గోడకి, నాన్నవైపువాళ్ళు ఇంకో గోడకి అతుక్కుపోయారు. దగ్గరికి జరగమంటే, "మేమెందుకు జరగాలి?" అంది అమ్మమ్మ. పెదనాన్న ఏమీ అనలేదు, జరగనూ లేదు. మనవాడు అలవాటుగా చివరికి పోతుంటే ఇద్దరూ గోడలొదిలి వచ్చి, చెరో చెయ్యి పట్టుకుని మధ్యకి లాగారు.

ఆ ఫొటోలో వాడి చెవులు రెండూ పడ్డాయి.