‘వంజరం’ అనే తాళం

మా మేడమ్ ఇక లేరు. ఆ కబురు మంగళవారం ఉదయం, రుషికొండ ఆఫీసులో టీ తాగుతుండగా వచ్చింది. కొన్నాళ్లుగా ఒంట్లో బాగుండటం లేదని తెలుసు.

పోర్టు యార్డులో బొగ్గు లారీలకు లోడింగ్ స్థలం కేటాయించే సాఫ్ట్‌వేర్ మాది. దాని డేటాబేస్ ఆవిడ చూసేవారు. ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. మొదట్లో రెండు గేట్ల కంప్యూటర్ల నుంచి డేటాబేస్‌కు కలిసిన రెండు కనెక్షన్లు, అంటే రెండు సెషన్లు, ఒకేసారి చూసి, ఖాళీగా ఉందనుకుని, ఒకే స్థలాన్ని రెండు లారీలకు ఇచ్చేసేవి. అక్కడ డ్రైవర్లు చొక్కాలు పట్టుకునేవారు, ఇక్కడ మేం తలలు పట్టుకునేవాళ్లం. అలాంటి రోజునే మేడమ్ వాళ్లమ్మగారు పోయారు. ఆ చిక్కు విడదీసి ఆవిడ సమాధుల తోటకు చేరేసరికి మట్టి కప్పేశారు.

తిరిగొచ్చాక డేటాబేస్‌లో మా సొంత తాళం ఒకటి పెట్టారు. అది వివరాలు దాచే ఏ టేబుల్‌నూ మూయదు. ఒట్టి పేరు, అంతే. స్థలం ఇచ్చే ముందు ప్రతి సెషనూ ఆ పేరును అడగాలి. ఇంకొకరి దగ్గరుంటే ఆగాలి. పనయ్యాక వదిలేయాలి. ఆవిడకు వంజరం చేపంటే ప్రాణం కాబట్టి దానికి ‘వంజరం’ అనే పేరు పెట్టారు. క్లయింట్ల ముందు ఆ మాట అనడానికి మాకు సిగ్గు. ఆవిడకు అదేమీ లేదు.

“ఎవరైనా అడక్కుండా వెళ్లిపోతే అది ఆపుతుందా మేడమ్?” అని అడిగాను.

“ఆపదమ్మా. అందరం అడుగుదామని ఒప్పుకున్నాం గాబట్టే పన్జేత్తంది. అందుకే గదా మీ అందరి కోడూ నాను సూత్తన్నాను.”

“తాళం పట్టుకున్న సెషన్ మధ్యలో పోతే?”

“పోతే డేటాబేసే ఇడిపించేత్తది. ఎనకాలోళ్లు ఆగిపోరు. బెంగెట్టుకోకు.”

నిజంగానే కోడ్‌లో ప్రతి వరుసా చదివేవారు. తిట్లకు లోటుండేది కాదు. కానీ ఎవరింట్లోనైనా శుభకార్యం ఉందంటే ఆవిడే బ్యాగు చేతికిచ్చి గుమ్మం దాకా తోసేవారు. “లారీల సంగతి వంజరం సూసుకుంటాది. నువ్వెల్లు.”

బుధవారం మా టీమంతా సమాధుల తోటలో ఉన్నాం. ఆఫీసులో ఒక్కరూ లేరు. పాటలు అయ్యేవరకూ, ప్రార్థన ముగిసేవరకూ ఏ ఫోనూ మోగలేదు. నా వంతు పిడికెడు మట్టి వేశాను. తన తల్లి సమాధి దగ్గర ఆవిడకు దొరకనిది, ఆవిడ సమాధి దగ్గర మాకు దొరికింది. ఆ ఏర్పాటు చేసింది ఆవిడే. ఈ రుణం తీరేది కాదు.

తిరిగి వస్తుంటే పోర్టు వైపు నుంచి బొగ్గు లారీలు వస్తున్నాయి, టార్పాలిన్లు కప్పుకుని, ఒకదాని వెనక ఒకటి. ఎవరూ హారన్ కొట్టడం లేదు.