నూతికి కట్టిన తాడు

గానుగలో సున్నం నలిగే వాసన తగిలితే చాలు, ఇంత వయసొచ్చి, రాజమండ్రిలో రైలు వంతెన పనికి ఓవర్సీరునై ఉండి కూడా నాకు నవ్వు ఆగదు.

నా చిన్నప్పుడు మా ఏటి మీదుగా కాలవని దాటించడానికి వంతెన కట్టారు. మా అయ్య తన పడవలో ఇటుకలు చేరవేసేవాడు. ఏటి మధ్య ఇసుకతిన్నె మీద మేస్త్రిగారు ఇటుకలతో, గానుగ సున్నంతో గుండ్రంగా నుయ్యి కట్టించేవారు. చుట్టూ ఇన్ని నీళ్ళుండగా నుయ్యెందుకో నాకు అర్థమయ్యేది కాదు. పైగా పొద్దున నా భుజాల దాకా ఉన్న గోడ సాయంత్రానికి మోకాళ్ళ దాకా దిగిపోయేది. అది కాస్తా మునిగిపోతే అయ్య పని కూడా పోతుందని నాకు ఒకటే కంగారు.

పడవ మునిగేట్టుంటే ఏం చేస్తారో పడవవాళ్ళ పిల్లాణ్ణి, నాకు తెలీదా? అయ్య పడవ తాడు తెచ్చి నూతి చుట్టూ తిప్పి, గుంజకి కట్టి, కొసని రెండు చేతులా లాగి పట్టుకుని కూర్చున్నాను.

మేస్త్రిగారు తలపాగా జారిపోయేలా నవ్వారు. "ఒరే అబ్బాయ్, అది దిగాలనే లోపల ఇసుక తోడిస్తున్నాం. కింద గట్టినేల మీద కూర్చుంటేనే పైన వంతెన నిలబడుద్ది."

పెద్దయ్యాక నేనూ ఇవే కడతానని ఆ పూటే అయ్యతో చెప్పేశాను.

మొన్న నేను కట్టిస్తున్న నుయ్యి ఒకటి మొండికేసింది. ఎంత ఇసుక తోడినా దిగనంటోంది. చూడ్డానికొచ్చిన మా ముసలి అయ్య దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చి, కూలీలందరి ముందూ అడిగాడు:

"తాడేమైనా కట్టావేంట్రా?"