రెండు ముక్కల రూలు

కాశీరావుకి చాదస్తం ఎక్కువని ఆయన భార్య నాగమల్లేశ్వరి ఇరవయ్యేళ్ళుగా అంటూనే ఉంది. అనదా మరి. విజయవాడ వన్‌టౌన్‌లో శుభలేఖల షాపు నడిపే మనిషి కార్డులు అచ్చేసి ఇచ్చేసి ఊరుకోవాలి గదా. ఈయన అలా కాదు. కట్ట చేతిలో పెట్టి, ఎలా పంచాలో కూడా పాఠం చెప్పి పంపేవాడు.

"ఇళ్ళ ముందు ఆగి కిటికీలోంచి పడేసి పోమాకండి. ఇంట్లోకెళ్ళి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, తప్పకుండా రావాలి అని నోటితో అనాలి. కార్డు పిలవదండీ, మనిషే పిలవాలి" అనేవాడు. పెళ్ళివారు తలాడించి, రోడ్డెక్కాక నవ్వుకునేవారు. అయినా ఆ మాటలో తప్పేముంది? పిలుపు లేని కార్డు వచ్చిందని పెళ్ళికి పోకుండా కూర్చున్న మేనమామలు కృష్ణా జిల్లాలో ఊరికి నలుగురుంటారు.

ఇలాంటి మనిషి చేతికి ఇంటర్నెట్ వచ్చింది. పామర్రు హైస్కూల్లో కలిసి చదివినవాళ్ళు కొందరు 2003లో 'మన పామర్రు' అని ఒక ఫోరం పెట్టుకున్నారు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు, రాజమండ్రిలో ఉన్నవాళ్ళు, ఎక్కడెక్కడో రిటైరైనవాళ్ళు అందులో చేరి పొద్దస్తమానం కబుర్లు రాసుకునేవారు. షాపులో కంప్యూటరుంది, తెలుగు టైపింగు వచ్చు, పైగా పదిమందినీ కనిపెట్టుకుని ఉండే గుణముంది. అందుకని కాశీరావుని మోడరేటరుగా పెట్టారు. అంటే ఫోరంలో ఎవరు ఏం రాసినా ఉంచడం, తీసెయ్యడం అతని చేతిలో పని. పెళ్ళి పెద్దరికం దొరికినంత సంబరపడ్డాడు.

ఆ ఫోరంలో కాశీరావుకి అందరికంటే కావలసినవాడు హేమసుందర్. చిన్నప్పుడు ఒకే బెంచీ, ఒకే సైకిలు. హేమసుందర్ ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా చేసి, చెరకు తోటల గట్లమీద తిరిగి తిరిగి రిటైరయ్యాడు. మనిషి మంచివాడే గానీ మాట పొదుపు. పెళ్ళిచూపుల్లో కూడా "సరే" అని ఒక్కమాటన్నాడని చెప్పుకుంటారు. ఫోరంలోనూ అంతే. రోజూ ఒక లింకు పెట్టేవాడు. పైన మాట లేదు, కింద మాట లేదు. ఒకరోజు కాలవలకి నీళ్ళొదిలే వార్త, ఒకరోజు పాత పాటలుండే పేజీ, ఒకరోజు మోకాళ్ళ నొప్పుల వైద్యం. ఏముందో నొక్కితే గానీ తెలియదు. ఆ రోజుల్లో నొక్కితే పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

కాశీరావుకి ఒళ్ళు మండేది. హేమసుందర్ బెజవాడ వచ్చినప్పుడు షాపులో కూర్చోబెట్టి మరీ అడిగాడు.

"ఏరా, అదేం పద్ధతిరా? ఒక్క ముక్క రాయవేం? ఎందుకు చూడాలో చెప్పొద్దా?"

"చూడమనే పెట్టా" అన్నాడు హేమసుందర్.

"చూడమని అనలేదు గదా నువ్వు."

"బాగుందనిపించింది, పెట్టా. చూస్తే నీకే తెలుసుద్ది. మజ్జిలో నా మాటెందుకు?"

"గుమ్మంలో కార్డు పడేసి పోయినట్టుందిరా."

హేమసుందర్ నవ్వి టీ తాగి బస్సెక్కాడు. మర్నాడు మళ్ళీ ఒట్టి లింకే వచ్చింది.

అప్పుడు కాశీరావు రూలు పెట్టాడు. లింకు పెట్టినవాళ్ళు అదేమిటో, ఎందుకు పెట్టారో కనీసం రెండు ముక్కలు రాయాలి. రాయకపోతే తీసేస్తాం. అందరూ బాగుందన్నారు. నిజానికి ఆ రూలు మంచిదే. తగలబడింది దాన్ని అమలుచేసిన తీరు. హేమసుందర్ లింకులు వరసగా నాలుగు పోయాయి. అయిదోదానికి కాశీరావు తీసెయ్యడంతో ఆగలేదు. అందరికీ కనిపించేలా రాశాడు: "మన మధ్య ఒక పెద్దమనిషి ఉన్నారు. రోజూ వచ్చి మన వాకిట్లో చెత్త పోసి, మాటా పలుకూ లేకుండా పోతుంటారు. ఆయన నోట ముత్యాలు రాలేదాకా ఊడ్చే పని నాదే."

చదివినవాళ్ళంతా నవ్వారు. రాజమండ్రిలో ఉండే సూర్యప్రకాష్ అయితే ఇంకో రెండు జోకులు కలిపాడు. హేమసుందర్ ఏమీ అనలేదు. ఆ రోజునుంచి లింకూ పెట్టలేదు.

మొదట్లో అలిగాడనుకున్నాడు కాశీరావు. నెల గడిచాక భయమేసింది. ఏడాది గడిచాక ఆ భయం కాస్తా పంతమైంది. చిన్నప్పటి స్నేహితుడికి ఫోను చెయ్యడానికి ముహూర్తం కావాలా? కావాలన్నట్టే ఉండేవాడు. రోజూ షాపు తెరిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, కంప్యూటరులో ముందు ఆ పేరు కోసమే వెతికేవాడు. వాడొక్కసారి వస్తే చాలు. వాడితో మళ్ళీ ఏరా అంటే ఏరా అనిపించుకోవాలి. అంతకుమించి కోరికేం లేదు అతనికి.

నాగమల్లేశ్వరి ఊరుకునేది కాదు. "రోజూ ఆ పెట్టెలోకి తొంగి చూసే బదులు ఫోను చెయ్యొచ్చు గదండీ" అంది ఒకసారి అన్నం వడ్డిస్తూ.

"వాడు చెయ్యొచ్చుగా."

"తిట్టింది మీరు."

"తిట్టలేదే, ఎగతాళి చేశాను."

"ఆయనకి ఆ తేడా తెలిసుండదు లెండి" అంది ఆవిడ.

ఈలోపు షాపు పక్కవీధికి మారింది. పాత ఫోను తీసేసి సెల్లు కొన్నాడు. కొత్త నంబరు ఊరందరికీ ఇచ్చాడు. ఉయ్యూరుకి మాత్రం ఇవ్వలేదు. వాడడిగితే ఇద్దామని.

2007 మే నెలలో ఒకరోజు ఉదయం కంప్యూటరు తెరవగానే హేమసుందర్ పేరు కనబడింది. కాశీరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. వాడే. కింద ఒక లింకు. లింకు పైన మాట లేదు, కింద మాట లేదు.

కాశీరావుకి నవ్వొచ్చింది. రెండేళ్ళు అలిగి అలిగి, వచ్చినవాడు మళ్ళీ అదే వేషంలో వచ్చాడు. ఇది తనని గిల్లడానికి పెట్టిందే, సందేహం లేదు. చిన్నప్పుడు పోట్లాడుకున్నాక వెనకనుంచి వచ్చి నెత్తిమీద మొట్టి పరిగెత్తేవాడు, అదే ఇది. మరి గిల్లినప్పుడు గిల్లించుకున్నవాడు ఊరుకుంటే ఆట సాగదు గదా. ఎంతో ప్రేమగా ఆ లింకుని తీసేశాడు. నొక్కి చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. వాడు వచ్చాడు, అది చాలు.

తీసేసి, హేమసుందర్ ఒక్కడికే అందేలా సందేశం రాశాడు: "బతికే ఉన్నావన్నమాట. ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? రెండు ముక్కలు రాస్తే వేళ్ళు అరిగిపోతాయా? రాసి పెట్టు, నేనే దండేసి ఉంచుతా."

ఆ రోజంతా గాలిలో తేలాడు. బేరాలకి వచ్చినవాళ్ళకి కార్డు రంగుల గురించి సరిగ్గా చెప్పలేదు. మధ్యాహ్నం ఇంటికి అన్నానికి కూడా వెళ్ళకుండా, జవాబు వస్తుందేమోనని కంప్యూటరు ముందే కూర్చుని ఇడ్లీ తెప్పించుకుని తిన్నాడు. జవాబు రాలేదు. బెట్టు చేస్తున్నాడనుకున్నాడు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పదోరోజున సూర్యప్రకాష్ రాజమండ్రినుంచి ఫోను చేశాడు.

"రేపు ఉయ్యూరు వెళ్తున్నావుగా కాశీ? నాకు కుదిరేట్టు లేదు. నా తరఫున కూడా చెప్పు వాళ్ళకి."

"ఉయ్యూరులో ఏంటి?"

"అదేంటి? హేమసుందర్ పెద్దకర్మ గదా. లింకు పెట్టారుగా, పేపర్లో పడింది. నేను ఆఫీసులో నొక్కి చూసేసరికి గుండెపోటుతో హేమసుందర్ మృతి అనుంది. మళ్ళీ వెనక్కొచ్చేసరికి నువ్వు తీసేశావు. నువ్వు చూసి బయల్దేరుంటావు, వచ్చాక వివరంగా రాస్తావు, అందుకే తీశావనుకున్నా."

"ఇంకెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదనుకుంటా. మనవాళ్ళెవరూ వెళ్ళలేదంట. మా బావమరిది ఉన్నాడుగా అక్కడ, వాడు చెప్పాడు. నిన్ను వాడెరగడు గదా, నువ్వెళ్ళే ఉంటావనుకున్నా."

కాశీరావు షాపు మూసి, ఇంటికి ఫోను చేసి రెండు మాటల్లో చెప్పి, బస్టాండుకి వెళ్ళాడు. బందరు రోడ్డు పొడుగునా కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాడు.

హేమసుందర్ ఇంటిముందు షామియానా కడుతున్నారు. మర్నాటి వంటలకి గుండిగలు దించుతున్నారు. వరండాలో నిలబడిన హేమసుందర్ కూతురు దుర్గ అతన్ని చూసి రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయింది. చావింటికొచ్చిన మనిషిని రమ్మని పిలవరు గదా. కాశీరావే మెట్లెక్కాడు.

"గుండెనొప్పమ్మా?" అన్నాడు.

"అవును బాబాయ్. సాయంత్రం కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే. పక్కింటాయన విలేకరి, ఆయన పేపర్లో వేయించాడు. తెల్లారి మీ షాపుకి చేస్తే ఆ నంబరు లేదని వచ్చింది. అప్పుడు నాన్న పేరు మీదే గ్రూపులో పెట్టా."

"ఒక్క ముక్క రాయకపోయావా తల్లీ."

దుర్గ అతనివైపు చూసింది. కోపంగా కాదు, అర్థంకానట్టు చూసింది. "చావు కబురుకి ఏం రాస్తారు బాబాయ్? పెళ్ళా, రమ్మని రాయడానికి? కబురు తెచ్చినవాడు గుమ్మం బయట నిలబడి చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా పోతాడు గదా. పైగా అది నాన్న పేరు. నాన్న పేరు కింద నాన్న పోయాడని నేనెట్టా రాసేది? పేపర్లో అంతా ఉంది, చూస్తారనుకున్నా."

నిజమే. చావుకి బొట్టు పెట్టి పిలవరు. కార్డుల షాపువాడికి ఒకరు చెప్పాల్సిన సంగతా అది? పద్ధతులన్నీ తెలిసిన మనిషి, పద్ధతిగా వచ్చిన కబురుని పద్ధతి తెలియనిదని ఊడ్చి పారేశాడు.

"ఆ రోజు తర్వాత కంప్యూటరు ఎవరం ముట్టుకోలేదు. మొన్న తెరిస్తే మీరు నాన్నకి రాసింది కనపడింది" అంది దుర్గ. గొంతు తగ్గించింది. "నాన్నకి రాసినదానికి నేనేం జవాబు రాయను? మీరు చూడలేదని మాత్రం అర్థమైంది. కానీ చూడకుండా ఎట్టా తీసేశారు బాబాయ్?"

కాశీరావు దగ్గర రూలు ఉంది గానీ, ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ మాట ఎలా అంటాడు.

"అమ్మకి చెప్పలా నేను. మీకు కబురందలేదని చెప్పా. అలాగే ఉంచండి" అంది.

లోపల గోడవారగా చాపమీద హేమసుందర్ భార్య శివపార్వతి కూర్చుని ఉంది. కాశీరావుని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాశీరావు ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. కాసేపటికి ఆవిడే తేరుకుంది.

"కబురందలేదంట గదా అన్నయ్యా. అందితే నువ్వాగుతావా, నాకు తెలీదా. ఆ రోజు అందరూ ఎండెక్కుతోంది, తియ్యండి తియ్యండి అని ఒకటే తొందర. నేనే కాళ్ళ దగ్గర కూర్చుని ఎత్తనివ్వలా. బెజవాడనుంచి గంట ప్రయాణం, కాశీ అన్నయ్య వస్తాడు, ఆయన్ని చూడకుండా ఈయన కదలడు అన్నా. మజ్జాన్నం రెండింటిదాకా ఉంచాం. ఇంక వల్లకాదన్నారు."

మధ్యాహ్నం రెండింటికి తను ఇడ్లీ తింటున్నాడు. వాడు రెండు ముక్కలు ఎప్పుడు రాస్తాడా అని చూస్తూ, లోలోపల నవ్వుకుంటూ.

గుమ్మంలో నిలబడ్డ దుర్గ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కాశీరావు ఆ పిల్లని చూశాడు. తర్వాత శివపార్వతి వైపు తిరిగాడు.

"కబురందింది చెల్లెమ్మా" అన్నాడు. "పొద్దున్నే అందింది."