తాళం వేసిన ఫోనూ, కత్తెర తగలని జుట్టూ

ఆ రోజుల్లో తిరుపతిలో ఇంటికి ఫోను పెట్టించుకోవడమంటే ఉచిత సత్రం తెరవడమేనని మాకెవరూ ముందుగా చెప్పలేదు. చెప్పినా మా నాయన వినేవాడు కాదు. వేరే ఊళ్ళలో ఇంటికి ఫోను వస్తే ఏమవుతుందో నాకు తెలియదు. పక్కింటివాళ్ళు వచ్చి మాట్లాడిపోతారు, పిల్లలు డయలు తిప్పి దెబ్బలు తింటారు, అంతే కాబోలు. మా ఊళ్ళో అలా కాదు. కొండ కింద కాపురముండి, ఫోను కూడా ఉన్నవాడికి రాష్ట్రమంతా బంధువులే. ఫోను రాకముందు మా ఇంటికి చంద్రగిరి నుంచి ఒక మేనత్త, చిత్తూరు నుంచి ఒక చిన్నాయన తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఫోను వచ్చిన ఆరునెలలకల్లా మా మేనత్త ఆడబిడ్డ తోడికోడలి తమ్ముడు గుంటూరు నుంచి ఫోన్ చేసి "బావగారూ" అన్నాడు. నాయన ఉబ్బిపోయాడు. ఆ తమ్ముడి దగ్గర్నుంచి నంబరు ఎవరెవరికి పోయిందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

నిజానికి నాయన ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆయన ఉద్యోగానికీ కొండకూ ఉన్న సంబంధమల్లా ఆ ఆఫీసు కిటికీలోంచి కొండ కనపడటమే. కానీ ఫోనులో అవతలివాళ్ళకు కిటికీ సంగతి తెలియదు కదా. "మీకు పైన బాగా పలుకుబడి ఉందటగా అండీ" అని వాళ్ళు అనడం, నాయన కాదనలేక "ఏదో అండీ, మీ దయ" అనడం. ఆ పలుకుబడి ఏమిటో మాకు మాత్రమే తెలుసు. అది నాయన కాళ్ళు. ఆఫీసుకు సెలవు పెట్టి, తెల్లారకముందే మొదటి బస్సుకు కొండెక్కి, అందరిలాగే వరుసలో నిలబడి, మధ్యాహ్నానికి ఒక గది తాళంచెవి సంపాదించి, అది జేబులో వేసుకుని కిందికి దిగేవాడు. దిగి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, అప్పుడే ఎవరికో కబురు పంపి పని చేయించినవాడిలా అతిథుల ముందు కూర్చునేవాడు. వాళ్ళు "అబ్బ, ఒక్క మాటతో పనైపోయింది" అని మెచ్చుకుంటుంటే, బల్ల కింద ఒక కాలితో ఇంకో కాలిని నొక్కుకునేవాడు.

ఇక ఆ ఫోను. నల్లగా, బరువుగా, చిన్న సైజు రుబ్బురోలుకు చెవులు మొలిచినట్టు ఉండేది. దానికొక స్టూలు, స్టూలుకు అమ్మ అల్లిన లేసుగుడ్డ, ఫోను మీద ఇంకో లేసుగుడ్డ. (మా ఇంట్లో పిల్లలకు కూడా అన్ని బట్టలు ఉండేవి కావు.) వీధిలోవాళ్ళంతా వచ్చి వాడేస్తారన్న భయంతో డయలులోని ఒక కన్నానికి నాయన బుల్లి తాళం వేశాడు. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. దాంతో మా ఫోనులోంచి ఒక్క కాల్ బయటికి పోయేది కాదు, అన్నీ లోపలికి వచ్చేవే. అంటే ఎదుటివాళ్ళు ఆజ్ఞాపించడానికీ, మేము శిరసావహించడానికీ మాత్రమే పనికొచ్చే యంత్రం అది.

నాయన మామూలుగా ఇంట్లో మాట్లాడితే ఎవరినో కొట్టబోతున్నట్టు ఉండేది. "నీళ్ళు", "అన్నం", "లైటు ఆపు", ఇంతే ఆయన సంభాషణ. అదే ఫోను మోగితే మనిషి మారిపోయేవాడు. ఎగ్గట్టిన లుంగీ దించేవాడు. లేచి నిలబడేవాడు. ఖాళీ చేత్తో జుట్టు సవరించుకునేవాడు (అవతలివాళ్ళకు కనపడుతుందేమోనని). అప్పుడు ఆ నోట్లోంచి పుట్టుకతో లేని "అండీ"లు పుంఖానుపుంఖాలుగా వచ్చేవి. పైగా దూరం నుంచి వచ్చే ఫోను కాబట్టి దూరానికి తగ్గట్టు అరిచేవాడు. నెల్లూరైతే ఒక స్థాయి, గుంటూరైతే ఇంకో స్థాయి. విశాఖపట్నం నుంచి వస్తే వీధి చివర ఆవులు కూడా తల తిప్పి చూసేవి. ఎదురుగా నిలబడి అడిగినవాళ్ళకు "రేపు చూద్దాం" అనే ఆ మనిషి, ఫోనులో అడిగినవాళ్ళకు జన్మలో "లేదు" అనలేకపోయాడు.

ఈ ఫోను మహిమకు బలైంది నా తల. ఏడో తరగతిలో నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గని ఆ రోజుల్లో అమ్మ భయపడిపోయి, "బిడ్డ లేచి తిరిగితే మొగుడూ పెండ్లాం ఇద్దరమూ కలిసొచ్చి నీ కొండమీద వాడి తలనీలాలు ఇస్తాము, అంతదాకా కత్తెర తగలనీను సామీ" అని మొక్కుకుంది. నేను లేచాను, తిరిగాను. కొండ ఇంటిముందే ఉంది. మొక్కు తీర్చడానికి ఒక్క పూట చాలు. కానీ ఎప్పుడు బయల్దేరబోయినా ఫోను మోగేది. అమ్మ సంచి సర్దేది, పసుపు గుడ్డ మడిచి పెట్టేది, ట్రింగుమనేది, నాయన లేచి నిలబడేవాడు, సాయంత్రానికి మా ఇంట్లో ఎవరివో ట్రంకుపెట్టెలు దిగేవి. అమ్మ సంచిలోని బట్టలు తీసి బీరువాలో పెట్టి, పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేది. వచ్చిన వాళ్ళలో సగం మంది గుండు కొట్టించుకుని, నున్నటి తలలతో మా ఇంట్లో భోంచేస్తూ, వడ్డిస్తున్న నన్ను చూసి "అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగేవాళ్ళు.

"ఈ ఆదివారమన్నా కొండకు పోదామా?" అని అమ్మ అడిగేది.

"పోదాంలే. కొండ యాడికి పోతాది? ఆడనే ఉంటాది కదా" అనేవాడు నాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

కొండ ఎక్కడికీ పోలేదు, నిజమే. జుట్టు మాత్రం భుజాల కిందికి పోయింది. దేశమంతా వచ్చి గుండు కొట్టించుకుని పోయే ఊళ్ళో, జడ వేసుకుని బడికి పోయే మగపిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. అక్క తన పాత రిబ్బను నాకు దానం చేసింది. బళ్ళో నా పేరు మాసిపోయి "జడ" మిగిలింది. "నాయనతో పాటు వీణ్ణి పంపించెయ్యక్కా, ఆయన ఎట్లాగూ వారం వారం ఎక్కుతా ఉండాడు కదా" అని పక్కింటి అత్త సలహా చెప్పింది. అమ్మ ఒప్పుకోలేదు. "మొక్కు నాది. ఎవరి ట్రంకుపెట్టెల ఎనకాలో తోక మాదిరి పోయి తీర్చుకునేది కాదు" అంది. నేను కూడా అమ్మ పక్షమే, తొమ్మిదో తరగతి వరకు.

తొమ్మిదిలో నేను ఎన్‌సీసీకి పేరిచ్చాను. ఆ ఖాకీ బట్టలూ, మేకులు కొట్టిన బూట్లూ, టోపీ మీద ఎర్రకుచ్చూ చూసి నాకు పిచ్చెక్కింది. ఆగస్టు పదిహేను కవాతులో నిలబడకపోతే బతుకెందుకు అనిపించింది. మాకు డ్రిల్లు చెప్పే సారును విజిల్ సారు అనేవాళ్ళం. ఆయన నన్ను వరుసలోంచి బయటికి పిలిచి, నా చుట్టూ తిరిగి, జడ కొస పట్టుకుని చూశాడు. "అబ్బోడా, నీ ఎత్తు బాగుండాది, నడక బాగుండాది. ఈ జడ మాత్రం నా వరసలో వద్దు. పది రోజుల లోపల తీసేసి వస్తే ముందు వరస. లేదంటే ఇంటికాడ కూసోని రేడియోలో విను" అన్నాడు. మిగతావాళ్ళు నవ్విన నవ్వు నాకిప్పటికీ వినపడుతుంది. ఇంటికి వచ్చి పుస్తకాల సంచి విసిరేసి, కత్తెర కోసం వెతికి, దొరకక, వంటింట్లో కూలబడి ఏడ్చాను. అమ్మ నన్ను సముదాయించలేదు. చాలాసేపు ఫోను వైపు చూస్తూ కూర్చుంది.

"నీకు ఆ డయలు తిప్పేది తెలుసునా?" అని అడిగింది చివరికి.

మరునాడు ఆదివారం. కూరగాయలకని చెప్పి అమ్మ నన్ను తీసుకుని బస్టాండుకు పోయింది. అక్కడ గోడకు రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోను ఉండేది. నేను మా ఇంటి నంబరు తిప్పాను. (మా నంబరులో సున్నాలూ తొమ్మిదులూ ఎక్కువ. ఒక్కో అంకె పూర్తిగా వెనక్కి తిరిగివచ్చేలోపు మనసు మార్చుకోవడానికి బోలెడంత సమయం ఉండేది. అమ్మ మార్చుకోలేదు.) అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రిసీవరు పట్టుకుంది. చుట్టూ బస్సుల హారన్లు, "చిత్తూరు చిత్తూరు" అని కండక్టర్ల కేకలు. నేను కూడా చెవి ఆనించాను.

"హలో! ఎవరండీ మాట్లాడేది? చెప్పండి!"

అమ్మ రిసీవరు మూసి నావైపు తిరిగి, "ఇంత మర్యాదగా మాట్లాడతాడా మీ నాయన?" అంది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నేను మోచేత్తో పొడిస్తే తేరుకుని మొదలుపెట్టింది. మా ఇంటికి వచ్చిపోయే గుంటూరువాళ్ళ మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"నమస్కారమండీ. గుంటూరు నుంచండీ. మీ అక్కగారి ఆడపడుచు తోడికోడలి వైపు వాళ్ళమండీ."

"అయ్యో, ఎంతమాట అండీ! బాగుండారా అండీ? వదినగారి మోకాళ్ళ నొప్పులు ఎట్లుండాయండీ?"

అక్కడ వదినగారెవరో నాయనకూ తెలియదు. మోకాళ్ళ నొప్పులు మాత్రం మా అమ్మకు నిజంగానే ఉండేవి, వాటిని గురించి ఆయన ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. "తగ్గలేదండీ" అంది అమ్మ. తర్వాత మా పిల్లవాడి తలనీలాల మొక్కుందనీ, శనివారం భార్యాభర్తలిద్దరూ ఉండి తీర్చాలనీ, నేరుగా కొండపైకే వస్తామనీ, గదితో పాటు తమరు కూడా బస్టాండు దగ్గర ఉంటే బాగుంటుందనీ చెప్పింది.

"తప్పకుండా అండీ! నేనే ఉంటానండీ!"

"మీ ఇంట్లో ఆవిడకు శ్రమ ఇస్తున్నామేమోనండీ."

"ఛఛ! మా ఇంట్లో దానికి ఏం పనుందండీ? ఊరికే కూసోనుంటాది!"

అమ్మ రిసీవరును కొక్కేనికి తగిలించలేదు, కొట్టింది. ఇంటికి వచ్చేసరికి నాయన ఉత్సాహంగా ఎదురొచ్చి, "గుంటూరు నుంచి ఫోనొచ్చింది. పెద్దింటివాళ్ళు మాదిరుండారు. ఏం మాట, ఏం మర్యాద! నువ్వూ ఉండావు" అన్నాడు. అమ్మ వంకాయల సంచి ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయింది.

శనివారం నాయన చీకటితోనే కొండెక్కాడు. మేము తీరిగ్గా తలంటుకుని, అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, తరువాత బస్సులో పోయాము. పైన బస్టాండులో నాయన ఇస్త్రీ చొక్కాతో, గది తాళంచెవి చేతిలో పట్టుకుని, దిగేవాళ్ళ ముఖాలన్నీ వెతుకుతున్నాడు. మా ముఖాల మీదుగా కూడా ఒకసారి చూసి ముందుకు పోయాడు. పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఏందే, నువ్వేంది ఈడ? ఇంటికాడ ఎవురుండారు? నేను గుంటూరోళ్ళ కోసరం..."

"వచ్చేసినామండీ" అంది అమ్మ.

ఆ "అండీ" వినేసరికి నాయనకు అంతా అర్థమైంది. మా సీమలో ఆడవాళ్ళు మొగుణ్ణి అండీ అని పిలవరు. ఆయన తాళంచెవి వంక చూశాడు, నా జడ వంక చూశాడు. కొడతాడేమోనని నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆయన మాత్రం, "నువ్వే అడిగుంటే నేను రానంటినా?" అన్నాడు, చిన్నగా.

"అడిగినానయ్యా. రెండేండ్లుగా అడగతానే ఉండాను. నీ ఎదురుగా నిలబడుకోని అడిగినాను, అదే నేను చేసిన తప్పు. ఫోన్లో అడిగితే లేచి నిలబడతావు."

నాయన సంచి అందుకుని ముందు నడిచాడు. తలనీలాలు ఇచ్చే చోట మంగలి నా జడ విప్పి, "ఆడబిడ్డ అనుకుంటినే!" అని నవ్వాడు. కత్తి ఆడుతుంటే చల్లగా తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే నా పక్కనే నాయన తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. ఫోను ఎత్తినప్పుడల్లా సవరించుకునే ఆ ఒత్తైన జుట్టు నీళ్ళలో పడుతోంది. ఆయన మొక్కు ఏమిటో ఆయన చెప్పలేదు, అమ్మ అడగలేదు. దిగి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం, "మోకాళ్ళు ఎట్లుండాయి?" అని కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు. ఆ ఒక్క మాటకు మా అమ్మ మురిసిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

కవాతులో నేను ముందు వరుసలోనే నడిచాను. జుట్టు లేని తల మీద టోపీ నిలవక ముక్కు దాకా జారి, జెండా నాకు కనపడలేదు గానీ అది వేరే సంగతి. ఇంట్లో ఫోను తర్వాత కూడా మోగింది. నాయన తర్వాత కూడా లేచి నిలబడ్డాడు. కాకపోతే రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టి, వంటింటి వైపు తిరిగి, "ఏమే, రమ్మందునా?" అని అడగడం మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే అమ్మ ఎన్నడూ వద్దనలేదు.

ఇప్పుడు నాయన లేడు. ఆ నల్ల ఫోను నా బీరువా మీద ఉంది, తాళంతో సహా. నేను కూడా తిరుపతిలోనే ఉద్యోగం చేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. చేతిలోని సెల్‌ఫోనులో పొద్దున లేస్తే దర్శనం ఇప్పించమనే మెసేజులే. ముఖం తెలియనివాళ్ళకు కూడా దండాల బొమ్మలు పెట్టి "తప్పకుండా" అంటూ ఉంటాను. అమ్మ మాతోనే ఉంటుంది. మొన్న నా ముందుకు వచ్చి నిలబడి, "నాయనా, ఒకతూరి కొండకు తీసకపో. మళ్ళీ ఎప్పుడు ఎక్కుతానో ఏమో" అంది.

"పోదాంలేమ్మా. కొండ యాడికి పోతాది?" అన్నాను, సెల్లులోంచి తల ఎత్తకుండా.

ఆమె పక్కగదిలోకి పోయింది. కాసేపటికి నా ఫోను మోగింది. తెర మీద 'అమ్మ' అని కనపడుతూనే ఉంది. అయినా ఎత్తాను.

"నమస్కారమండీ. గుంటూరు నుంచండీ" అంది వణుకుతున్న గొంతు. "ఇక్కడొక పెద్దావిడకు మొక్కుందండీ. తమరికి బాగా పలుకుబడి ఉందని విన్నామండీ."

అప్పుడు చూసుకున్నాను, నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడో బట్టతల అయిపోయిన తల మీద నా చెయ్యి లేని జుట్టును సవరిస్తోంది.

"తప్పకుండా అండీ" అన్నాను. "రేపు పొద్దున్నేనండీ. నేనే ఉంటానండీ."