జండా మీద పసుపు

మా నాయన కుడిచెయ్యి మగ్గం గుంతలో పడి విరగలేదు. విరగ్గొట్టారు. నలభై ఏడు ఆగస్టు పదిహేనో తేదీ పొద్దున, మా ఊరి చావడి ముందర, నూరు మంది చూస్తుండగా విరగ్గొట్టారు. ఆ నూరు మందిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు కళ్ళు తిప్పుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు వడమాలపేటకూ పుత్తూరుకూ నడుమ ఉంటుంది. మాది నేతగాళ్ళ వీధి, నలభై మగ్గాలు. ఇంట్లో అరవం మాట్లాడతాం, గడప దాటితే తెలుగు. మా తాత, ఆయన తాత అక్కడే పుట్టి అక్కడే మట్టిలో కలిశారు. ఊళ్ళో మమ్మల్ని అరవోళ్ళు అనేవాళ్ళు. అప్పట్లో అది తిట్టు కాదు, కుమ్మరోళ్ళు, కంసాలోళ్ళు అన్నట్టు ఒక గుర్తు. అది తిట్టుగా మారింది స్వరాజ్యం వచ్చే ముందు రెండేళ్ళలో. దొరలు పోతే ఏ ముక్క ఎవరికని మాటలు మొదలయ్యాయి. ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలని చిత్తూరులో సభలు జరిగాయి. తిరుపతి కొండే తమ దేశానికి హద్దు అని కొందరు అరవవాళ్ళు మద్రాసులో ఉపన్యాసాలిచ్చారు. మా నాయన ఆ ఉపన్యాసాలు వినలేదు, ఇచ్చినవాళ్ళ మొహం చూడలేదు. ఆయనకు తెలిసిందల్లా పురటాసి నెల శనివారాలు ఒంటిపొద్దు ఉండి, కొండెక్కి గుండు కొట్టించుకుని రావడమే. అయినా కాఫీ అంగడి దగ్గర పేపరు చదివిన ప్రతివాడూ ఆయన్నే నిలదీసేవాడు. "ఏమప్పా, కొండ మీకు గావాలంటనే?" అని.

మా ఊళ్ళో ఖద్దరు కట్టే పెద్దాయన ఉండేవాడు. భూములున్న మనిషి, మంచివాడని పేరు. నలభై రెండులో తంతి తీగలు తెంచారని పోలీసులు ఊళ్ళ మీద పడినప్పుడు ఆయన దాక్కున్నది మా ఇంట్లోనే. రెండు పగళ్ళు, నేసేవాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలో ముడుచుకుని కూర్చున్నాడు. మా నాయన ఆయన మీద గోనెసంచులు కప్పి, పైన కూర్చుని గుడ్డ నేశాడు. పోలీసులు నాయన్ను వీధిలోకి ఈడ్చి లాఠీలతో కొట్టారు. వీపు మీద తోలు చిట్లి అంగీకి అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి నేనే ఊడదీశాను. నాయన నోరు తెరవలేదు. పెద్దాయన మా రాగిసంగటి తిని, మా నీళ్ళు తాగి, మూడో నాడు వెళ్ళిపోయాడు. ఆ రెండు పగళ్ళూ మేము ఆయనకు అరవోళ్ళం కాదు.

స్వతంత్రం వస్తుందని ఖాయమైనాక ఆయనే మా ఇంటికి నూలు పట్టుకొచ్చాడు.

"జండా నువ్వే నెయ్యాలప్పా. మన ఊర్లో వడికిన నూలు, మన ఊరి చెయ్యి. ఇది మనది" అన్నాడు.

నాయన రోజూ తలకు పోసుకున్నాకే మగ్గం మీద కూర్చున్నాడు. రెండు రంగుల నూలు తనే అద్దాడు. మూడు ముక్కలు విడివిడిగా నేశాడు. నేను కండెలు చుట్టాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది, ఇంటి పనులతో పాటు ఆమె అలవాట్లూ కూతురినైన నాకే వచ్చాయి. కొత్త గుడ్డ కొనకు పసుపు పెట్టకుండా ఎవరూ కట్టుకోరు. తెలుగు ఇళ్ళలో అయినా, అరవ ఇళ్ళలో అయినా అంతే. అమ్మే గుడ్డకు మేము పెట్టం, కొన్నవాళ్ళు పెట్టుకుంటారు. ఇది అమ్మే గుడ్డ కాదు. మనది అన్నారు కదా. అందుకే మూడు ముక్కలకూ నాలుగు కొనల్లో పసుపు పెట్టాను. కుట్టిన దర్జీ ఏమీ అనలేదు. నడుమ చక్రం గీసిన బడి అయ్యవారూ ఏమీ అనలేదు. ఎర్ర గుడ్డ మీదా పచ్చ గుడ్డ మీదా అది కనబడలేదు కానీ తెల్ల గుడ్డ మీద బొటనవేలంత కనబడింది.

పదిహేనో తేదీ పొద్దున పెద్దాయన తాడు లాగాడు. జండా పైకి పోయి విచ్చుకుంది. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేసరికి ఎవరో అన్నారు, "ఏందబ్బా అది, తెల్లగుడ్డ మింద మరక?"

"మరక గాదురా, పసుపు."

"పెండ్లికూతురు మాదిర ఉండాదే!"

ఆ మాటకు అందరూ నవ్వారు. అంతటితో పోయేది. పెద్దాయన బావమరిది ముందుకొచ్చాడు. చిత్తూరు సభలన్నిటికీ పోయి గొంతు బొంగురు పోయేలా అరిచి వచ్చే మనిషి.

"ఎవురు పెట్టింది?" అన్నాడు.

"నేను పెట్టినా" అన్నాను.

"నేనే సామీ, నేనే పెట్టినా" అని నాయన నాకు అడ్డం వచ్చాడు.

"కొండ మాదేనని అంటా ఉండారు మీ అరవోళ్ళు. ఇప్పుడు జండా గూడా మాదేనని గుర్తు పెట్టినారా?"

నాయన చేతులు జోడించాడు. నేను జోడించలేదు. "కొత్తగుడ్డకు పెట్టినా. నీ పంచె కొన సూసుకో, అన్నా! ఆడా ఉండాది పసుపు. నువ్వు ఎవురి సొత్తు?" అన్నాను.

ఆయన వంగి పంచె చూసుకున్నాడు. వంగకపోయి ఉంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆ పొద్దు అక్కడ కొత్త పంచె కట్టని మగవాడు లేడు, ప్రతి పంచె కొనకూ పసుపు ఉంది. ఒకరిద్దరు తమ పంచెలు తాము చూసుకున్నారు. ఆడవాళ్ళు పైట నోట్లో కుక్కుకున్నారు.

జండా కింద ఆడమనిషిని కొట్టకూడదనే జ్ఞానం ఆయనకు ఉంది. అందుకని నాయన్ను కొట్టాడు. స్తంభానికి కట్టగా మిగిలిన వెదురు బొంగు అక్కడ పడి ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీదికి వస్తుంటే నాయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. మోచేతికీ మణికట్టుకూ నడుమ చెయ్యి ఇంకోవైపు తిరిగిపోయింది. ఆయన కిందపడ్డాక ఇంకో ముగ్గురు దూరారు. వాళ్ళలో ఒకడు అంతకు నెల ముందు మా ఇంట్లో పెండ్లి చీరలు నేయించుకుపోయినవాడు. కడుపులో తన్నారు, పక్కటెముకల మీద తన్నారు. నోట్లోంచి నెత్తురూ ఒక పన్నూ బురదలో పడ్డాయి. నేను అరిచాను. భయంలో అరవం వచ్చింది నోటికి.

"సూడు, ఈడ గూడా అరవంలోనే అరస్తా ఉండాది!" అని ఒకడు ఇంకో తన్ను తన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఎముక తగిలేదాకా కొరికాను. వాడు చెంప మీద కొట్టిన దెబ్బకు నా ఎడమ చెవి ఈ రోజుకూ సరిగా వినపడదు.

పెద్దాయన తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు. తాడు వదిలితే జండా కిందికి జారుతుందని వదల్లేదట. తరువాత ఆయనే చెప్పాడు.

నా నోరు వల్లే మా నాయన చెయ్యి విరిగిందని మా వీధిలోనే అన్నారు. చెయ్యి విరిగింది వెదురు బొంగు వల్ల. పంచె గురించి అన్న మాట నేను అప్పుడూ వెనక్కు తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోను.

నాయన్ను ఇంటికి మోసుకుపోయేసరికి ఇద్దరు మా ఇంట్లోంచి బయటికి వస్తున్నారు. చేతుల్లో కొడవళ్ళు. మగ్గం మీద నిలువుగా సాగదీసి ఉన్న పడుగును ఈ కొన నుంచి ఆ కొనకు కోసేశారు. వేల పోగులు తెగి గుంతలోకి వేలాడుతున్నాయి. విరిగిన చేతితో ఏడవని మనిషి అది చూసి ఏడ్చాడు.

ఎముకలకు కట్టు కట్టే మనిషి పుత్తూరు దగ్గర ఉన్నాడు. బండి కోసం ఆరు ఇళ్ళు తిరిగాను. "ఊరేగింపుకు ఎద్దుల్ని సింగారించినాం మ్మే, ఈ పొద్దు ఇప్పేదానికి లేదు" అన్నారు. కొమ్ములకు మూడు రంగులూ పూసి ఉన్నాయి. మరునాడు మధ్యాహ్నానికి మా వీధివాళ్ళు నులకమంచం మీద మోశారు. అప్పటికి చెయ్యి గుమ్మడికాయంత వాచి నల్లబడింది. కట్టు కట్టే ఆయన తడిమి చూసి, "నిన్న యాడ ఉండారు?" అని ఒక్క మాట అడిగాడు. ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు.

నేను అట్నుంచే ఠాణాకు పోయాను. అక్కడ గుమ్మానికి ఇంకా మామిడాకులు వాడకుండా ఉన్నాయి. జమేదారు నా మాట సగం విన్నాడు.

"స్వతంత్రం వచ్చిన మర్నాడే ఫిర్యాదు తెచ్చినావా మ్మే? మిఠాయి మిగిలుండాది, తిని పో."

నేను తినలేదు. ఇంకా నాలుగుసార్లు పోయాను. నాలుగోసారికి విషయం పెద్దాయనకు చేరింది. చావడిలో పంచాయితీ పెట్టించాడు.

"ఊరి పేరు చెడిపోతాదమ్మా. మొదటి జండా దినమే మనలో మనం కొట్టుకున్నామని జిల్లా అంతా అనుకోవాల్నా?" అన్నాడు.

"మనలో మనమా? ఆ పొద్దు మేము ఎవురం సామీ?" అన్నాను.

ఆయన నాయన వైపు తిరిగాడు. అప్పట్లో నూలు కంట్రోలు. ఆయన సంతకం లేనిదే మా వీధికి నూలు రాదు. ఆ సంగతి ఆయన నోటితో చెప్పలేదు, చెప్పే అవసరమూ లేదు. కరణం కాగితం రాసి చదివాడు. నేసేటప్పుడు కాలు జారి మగ్గం గుంతలో పడి చెయ్యి విరిగిందని, ఎవరి మీదా ఫిర్యాదు లేదని. అందంగా సంతకం పెట్టగలిగిన మనిషి మా నాయన. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేతి వేలిముద్ర వేశాడు. బావమరిది అందరికీ వక్కాకు పంచాడు.

ఇంటికొచ్చాక ఎందుకు వేశావని అరవంలో నిలదీశాను. "నలభై మగ్గాలు. నా చెయ్యి ఒకటే" అన్నాడు. ఆయన మీద కూడా నాకు ఆ కోపం పోలేదు.

కట్టు విప్పిన రోజు నాయన తిన్నగా మగ్గం దగ్గరికి పోయాడు. తెగిన పడుగు తీసేసి కొత్తది ఎక్కించి ఉంచాం. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను తోసే తాడు పిడి పట్టుకోబోయాడు. వేళ్ళు సగానికి వచ్చి ఆగిపోయాయి. ఎడమచేత్తో ఆ వేళ్ళను పిడి చుట్టూ మడిచి పెట్టాడు. లాగాడు. పిడి జారిపోయింది. మళ్ళీ మడిచాడు, మళ్ళీ జారింది. అలా ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు.

మా వీధిలో ఆడవాళ్ళు నూలు చుడతారు, పడుగు సాగదీస్తారు, గంజి పెడతారు. గుంతలోకి దిగి నేసిన ఆడమనిషి ఒక్కతీ లేదు. నాయన లేచి పక్కకు జరిగి, గుంత చూపించి, "దిగు" అన్నాడు.

దిగాను. పిడి లాగితే నాడె పడుగులో సగం దూరం పోయి ఇరుక్కుని నాలుగు పోగులు తెగాయి. నాయన నా పక్కన చతికిలబడి, తెగిన పోగు ఒక కొన పళ్ళతో పట్టుకుని, రెండో కొన ఎడమచేత్తో తెచ్చి ముడి వేయసాగాడు.